గూట్లో దీపం, గుడ్డు డబ్బు

ఈ ఏడాది సమావేశాల్లో పెరటి కోళ్ల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపించింది: "గూట్లో బల్బు పెడితే గుడ్లు ఎక్కువ పెడతాయంట, నిజమేనా అక్కా?" నిజమే. అయితే ఆ దీపం ఎక్కడ, ఎవరి అవసరానికి మొదలైందో తెలిస్తే, మన గూటికి అది ఎంత అక్కరకొస్తుందో మనమే తేల్చుకోవచ్చు.

ఉత్తరాది చలి దేశాల్లో శీతాకాలం పగలు చాలా చిన్నది. లండన్‌లో డిసెంబరు పగలు 8 గంటలు కూడా ఉండదు. ఆ రోజుల్లో అక్కడి పెట్టలు చాలావరకు గుడ్లు మానేసేవి. చలి తగ్గాక గుడ్లు కుప్పలుగా వచ్చేవి, కానీ ధర పడిపోయేది. ధర ఉన్న చలికాలంలో గుడ్డే ఉండేది కాదు. అమెరికా పల్లెల్లో కోళ్ల పని ఎక్కువగా ఆడవాళ్లదే. గుడ్లమ్మిన డబ్బుతోనే ఇంటికి చక్కెర, కాఫీ, పిల్లలకు బట్టలు వచ్చేవి. దాన్ని 'గుడ్డు డబ్బు' అనేవారు. చలికాలం వస్తే ఆ చేయి ఖాళీ.

అందుకే 19వ శతాబ్దం చివరికే కొందరు గూళ్లలో లాంతర్లు వెలిగించి చూశారు. తర్వాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రైస్ అనే ఆచార్యుడు దీపాలతో ప్రయోగాలు చేసి రైతులకు చెప్పారు. వెలుగుంటే కోడి ఎక్కువసేపు మేస్తుంది, అందుకే గుడ్లు పెడుతుంది అని చాలామంది అనుకునేవారు.

అసలు సంగతి వేరే. 1933లో ఇంగ్లండ్‌కు చెందిన ఎడిత్ వెథమ్ అనే మహిళ రకరకాల దేశాల గుడ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసి, గుడ్లు పెరగడం తగ్గడం పగటి పొడవును బట్టి నడుస్తోందని చూపించారు. అదే దశాబ్దంలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా బాతుల మీద ప్రయోగాలు చేసి, వెలుగు కంటి ద్వారానే కాక తలపుర్రె గుండా కూడా మెదడుకు చేరుతుందని కనిపెట్టారు. అలా చేరిన వెలుగే గుడ్డు తయారీని మేల్కొలుపుతుంది.

1935 ప్రాంతంలో అమెరికా పల్లె ఇళ్లలో నూటికి పదింటికి మాత్రమే కరెంటు ఉండేది. కరెంటు వచ్చాక దీపం పెట్టడం సులువైంది. కానీ అదే దీపం, దాణా, కొత్త జాతులు కలిసి వేల కోళ్ల షెడ్లకు దారి తీశాయి. కొన్ని దశాబ్దాల్లో గుడ్ల వ్యాపారం పెద్ద షెడ్లకు పోయింది, ఇల్లాలి గుడ్డు డబ్బు పోయింది.

ఇక మన సంగతి. హైదరాబాదులో డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. తేడా రెండు గంటలే. నాటు పెట్ట గుడ్లు ఆపేది ఎక్కువగా పొదగడానికి కూర్చున్నప్పుడు. దాన్ని బల్బు ఆపలేదు. ఎక్కువ గుడ్లు పెట్టే జాతి పెట్టలున్నవాళ్లకే దీపం వల్ల లాభం. వాటికి రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి.

ఖర్చు కరెంటుది కాదు. 9 వాట్ల బల్బు రోజూ మూడు గంటలు వెలిగితే నెలకు ఒక యూనిట్ కూడా కాలదు. ఎక్కువ గుడ్లు పెట్టే కోడికి మేత, పెంకు గట్టిపడటానికి సున్నం ఎక్కువ కావాలి. ఖర్చు అక్కడే. మేత పెంచకుండా దీపం పెడితే పెట్ట చిక్కిపోతుంది, పెంకు పల్చబడుతుంది.

దీపం తెల్లవారుజామున వెలిగించండి. సాయంత్రం పెట్టి ఒక్కసారిగా ఆర్పితే చీకట్లో కోళ్లు నిలువుకర్ర ఎక్కలేవు. వెలుగు కొద్దికొద్దిగా పెంచండి, మధ్యలో ఆపకండి. ఆపితే ఈకలు రాల్చి గుడ్లు మానేస్తాయి. ఎదగని పిల్ల పెట్టలకు వద్దు. వైరు గడ్డికి, ఈకలకు తగలకుండా చూడండి.

వచ్చే చలికాలం బల్బు పెట్టాలనుకునే సభ్యులు, పెట్టకముందు ఒక నెల, పెట్టాక రెండు నెలలు గుడ్ల లెక్క, మేత ఖర్చు రాసుకుని సమావేశానికి తీసుకురండి. అప్పు అడగాలా వద్దా అన్నది ఆ లెక్క చూసి అందరం కలిసి మాట్లాడుకుందాం.