షాతోనెఫ్-దు-పాప్ వైన్

షాతోనెఫ్-దు-పాప్ ఆగ్నేయ ఫ్రాన్స్‌లోని వోక్లూజ్ జిల్లాలో, ఓరాంజ్, అవిన్యోన్ పట్టణాల నడుమ ఉన్న గ్రామం. అక్కడ, చుట్టుపక్కల తోటల్లో తయారయ్యే వైన్‌కూ అదే పేరు. ఒక ప్రాంతం పేరును ఆ ప్రాంతపు పంటకే కట్టుబడేలా చట్టంతో కాపాడే ఫ్రెంచి విధానం రూపుదిద్దుకోవడంలో ఈ ఊరిది ముఖ్య పాత్ర.

చరిత్ర

1309లో పోప్ ఐదవ క్లెమెంట్ అవిన్యోన్‌కు చేరడంతో క్రైస్తవ మతాధికారానికి ఆ నగరం కేంద్రమైంది. ఆయన తర్వాత వచ్చిన ఇరవై రెండవ జాన్ ఈ గ్రామం మీది గుట్టపై వేసవి విడిదిగా కోట కట్టించి, ద్రాక్ష సాగును ప్రోత్సహించాడు. సున్నపు బట్టీల కారణంగా షాతోనెఫ్-కాల్సెర్నియే అని పిలిచే ఈ ఊరికి ఇప్పటి పేరు 1893లో అధికారికంగా వచ్చింది. ‘పోపు కొత్త కోట’ అని దాని అర్థం. 1944లో వెనక్కి మళ్లుతున్న జర్మన్ సైన్యం పేల్చివేయగా, కోట బురుజులో సగమే మిగిలింది.

19వ శతాబ్దం రెండో సగంలో వేళ్లను తినే ఫిల్లోక్సెరా పురుగు ఇక్కడి తోటలను నాశనం చేసింది. అమెరికా ద్రాక్ష వేరు మొక్కలపై స్థానిక రకాలను అంటుకట్టి రైతులు మళ్లీ తోటలు వేశారు. అయినా గిట్టుబాటు దక్కలేదు. ఇక్కడి వైన్ చాలా భాగం పీపాల్లో బర్గండీకి వెళ్లి, అక్కడి పలుచని వైన్లకు బలం చేకూర్చేది. మరోపక్క వ్యాపారులు ఎక్కడెక్కడి సరుకో ఈ ఊరి పేరుతో అమ్మేవారు.

రైతుల నియమావళి

ఈ మోసాన్ని అరికట్టమని 1923లో రైతులు బారన్ పియేర్ లె రువాను ఆశ్రయించారు. షాతో ఫోర్తియా తోట యజమానురాలి కుమార్తెను పెళ్లాడి ఈ ఊరికి వచ్చిన ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుడు. ముందు మీరు నిజాయితీగా, క్రమశిక్షణతో ఉంటేనే పోరాడతానని ఆయన షరతు పెట్టాడు. ఆ మేరకు కుదిరిన నియమాలు ఇవి: లావెండర్, థైమ్ మొక్కలు రెండూ పెరిగే బీడు నేలల్లోనే ద్రాక్ష వేయాలి. ఆమోదించిన రకాలే నాటాలి. కోసిన పంటలో బాగాలేని పండ్లను ఏరి పారేయాలి. వైన్‌లో ఆల్కహాల్ 12.5 శాతానికి తగ్గకూడదు. ఊరి పేరు కోసం ఏళ్ల తరబడి సాగిన న్యాయపోరాటం 1933లో ఫలించింది. 1936లో ప్రాంతం పేరును చట్టంతో కాపాడే ఏఓసీ (అపెలాసియోఁ దోరిజీన్ కోంత్రోలే) గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి వైన్లలో ఇదొకటి. పోపు కిరీటం, తాళంచెవుల గుర్తును గాజుపైనే ఉబ్బెత్తుగా అచ్చు వేసిన సీసా 1937 నుంచి వాడుకలో ఉంది.

నేల, సాగు, రుచి

సుమారు 3,200 హెక్టార్ల సాగు ఐదు గ్రామ, పట్టణ పరిధుల్లో విస్తరించింది. చాలా తోటల్లో మట్టి కనబడనంతగా నున్నటి గుండ్రాళ్లు పరచుకొని ఉంటాయి. ప్రాచీన కాలంలో రోన్ నది ఆల్ప్స్ పర్వతాల నుంచి మోసుకొచ్చిన ఆ రాళ్లు పగటి ఎండకు కాగి రాత్రి ఆ వేడిని తీగలకు అందిస్తాయి. కింది ఎర్ర బంకమట్టి తడి ఆరిపోకుండా కాపాడతాయి. ఉత్తరం నుంచి వీచే మిస్త్రాల్ గాలి తేమను తరిమి తెగుళ్లను దూరం చేస్తుంది. ఆ గాలి ధాటిని తట్టుకునేలా గ్రెనాష్ రకం ద్రాక్ష తీగలను పందిరికి ఎక్కించకుండా, కురచగా కత్తిరించి పొదలా పెంచుతారు. పండ్లను చేత్తోనే కోయాలి. దిగుబడి హెక్టారుకు 35 హెక్టోలీటర్లు మించకూడదు.

అనుమతించిన రకాలు 13. రంగు భేదాలను విడిగా లెక్కిస్తే 18. వీటిలో గ్రెనాష్‌దే పెద్ద వాటా. సిరా అనే రకం రంగును, మూర్వెద్ర్ అనే రకం గట్టిదనాన్ని ఇస్తాయి. ఎర్ర వైన్‌లో పండిన ఎర్రపండ్ల రుచి, ఎండు మూలికల వాసన, మసాలా ఘాటు కలగలిసి ఉంటాయి. మంచి ఏడాది సరుకు పదేళ్లకు పైగా నిలవ ఉంటుంది. షాతో రాయాస్ తోటలో గుండ్రాళ్లు లేవు. ఆ ఇసుక నేలల గ్రెనాష్ వైన్ సున్నితత్వానికి పేరు. తెల్ల వైన్ ఉత్పత్తి స్వల్పం. గులాబీ వైన్‌కు ఈ పేరు వాడే అనుమతి లేదు.

వారసత్వం

ఏఓసీలను పర్యవేక్షించే జాతీయ సంస్థకు లె రువా 1967లో మరణించే వరకు అధ్యక్షుడిగా ఉన్నాడు. నేడు ఫ్రాన్స్‌లో మూడు వందలకు పైగా వైన్ ప్రాంతాలకు వర్తించే కట్టుబాట్లకు ఈ ఊరి రైతులు 1923లో తమకు తాము విధించుకున్న నియమాలే తొలి నమూనాల్లో ఒకటి.