పిల్లల్లో ఎగ్జిమా: తామర కాదు, గజ్జి కాదు, అంటుకోదు

ఎగ్జిమాకి మన తెలుగు ఇళ్లల్లో సరైన పేరు లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కొందరు తామర అంటారు, కొందరు గజ్జి అంటారు. చెన్నైలో పక్కింటి తమిళంవాళ్లు చూస్తే కరప్పాన్ అంటారు. తామర అని మనం మామూలుగా పిలిచేది ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చని. గజ్జి చర్మంలో దూరే కంటికి కనబడని పురుగు వల్ల వస్తుంది. ఆ రెండూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. ఒకే బెంచీ మీద కూర్చున్నా, చెయ్యి పట్టుకుని ఆడుకున్నా, తువ్వాలు మారినా రాదు. పేరు తప్పు పడితే రెండు నష్టాలు: మందు తప్పుతుంది, బడిలో ఆ పిల్లవాడి పక్కవాళ్లు దూరం జరుగుతారు.

గుర్తుపట్టడం ఎలా

పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎగ్జిమాని డాక్టర్లు అటోపిక్ డెర్మటైటిస్ అంటారు. చాలామందికి ఐదేళ్లలోపే, తరచుగా మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. పసిపిల్లలకి బుగ్గల మీద, చేతులూ కాళ్ల బయటి వైపు వస్తుంది. బడికి వెళ్లే వయసులో మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ, మణికట్టు దగ్గర కనిపిస్తుంది. సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, వస్తూ పోతూ ఉంటుంది. దురద మాత్రం తప్పకుండా ఉంటుంది. దురదే లేకపోతే అది ఎగ్జిమా కాకపోవచ్చు.

ఇంటర్నెట్‌లో చూసే ఫోటోలు ఎక్కువగా తెల్లవాళ్ల పిల్లలవి కాబట్టి ఎర్రటి మచ్చ కోసం వెతుకుతాం. మన పిల్లల ఒంటి రంగు మీద ఎరుపు సరిగ్గా కనబడదు. ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటుంది. చేత్తో తడిమితే గరుగ్గా, చిన్న చిన్న పొక్కుల్లా తగులుతుంది. తగ్గాక కొన్నాళ్లు ఆ చోట నల్లగానో తెల్లగానో ఉండిపోతుంది. బుగ్గ మీద పాలిపోయిన మచ్చ చూసి బొల్లి అని కంగారు పడేవాళ్లు, కడుపులో పురుగులని మందు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చర్మం కుదుటపడితే ఆ రంగు నెలల్లో మెల్లగా తిరిగి వస్తుంది.

తామరకి అంచు లేచి, మధ్యలో శుభ్రంగా, ఉంగరంలా ఉంటుంది. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, నడుం దగ్గర వస్తుంది; రాత్రి దురద ఎక్కువ, ఇంట్లో మిగతావాళ్లూ గోక్కుంటూ ఉంటారు. అయినా ఫోటో చూసి మనమే తేల్చేసుకోకూడదు. ఒక్కసారైనా చర్మ డాక్టరుకి చూపించి పేరు ఖాయం చేసుకోండి.

ఎందుకొస్తుంది

శుభ్రత లేక కాదు. చర్మం పైపొర ఇటుక గోడలాంటిది అనుకుంటే, ఈ పిల్లల్లో ఇటుకల మధ్య సున్నం తక్కువ. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి సబ్బు, దుమ్ము, చెమట లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువులో లోపానికీ ఎగ్జిమాకీ సంబంధం ఉందని 2006లో స్కాట్లండ్‌లోని డండీ పరిశోధకుల బృందం చూపించింది. ఎగ్జిమా ఉన్న పిల్లలందరికీ ఆ లోపం ఉండదు. కానీ ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తుమ్ముల అలర్జీ, ఎగ్జిమా ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. అమ్మ గర్భంతో ఉన్నప్పుడు ఏదో తినడం వల్ల వచ్చిందని అత్తగారో ఆడపడుచో అంటే, ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

చెన్నైలో మనకి పెద్ద శత్రువు చెమట. అగ్ని నక్షత్రం రోజులు దాటి జూన్‌లో బడి తెరిచినా ఉక్క తగ్గదు. పాలిస్టర్ యూనిఫాం, మెడ దగ్గర టై, నైలాన్ సాక్సు, వీటి కింద చెమట నిలిచి దురద రేగుతుంది. లోపల పలచటి నూలు బనియను, నూలు సాక్సు వేస్తే చాలా తేడా ఉంటుంది. ఆటల పీరియడ్ తర్వాత మామూలు నీళ్లతో మెడ, మోచేతులు కడుక్కుని, రుద్దకుండా అద్దుకోవాలి.

రెండోది బోరు నీళ్లు, మనం ఉప్పు నీళ్లు అంటామే అవి. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా వదలదు, చర్మం మీద మిగిలిపోయి ఎండగొడుతుంది. అలాగని వేలు పోసి సాఫ్ట్‌నర్ మెషీను కొనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 336 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, ఆ మెషీను పెట్టినందువల్ల ఎగ్జిమా అదనంగా తగ్గలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్‌కి పెట్టడం మేలని మా అభిప్రాయం.

స్నానం, పూత

రోజూ స్నానం చేయించవచ్చు. గోరువెచ్చని నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు, నురగ ఎక్కువ రాని మెత్తటి సబ్బు. సున్నిపిండితో నలుగు పెట్టి రుద్దడం, పీచుతో తోమడం ఈ పిల్లలకి వద్దు. పండగ తలంటు మానక్కర్లేదు కానీ శీకాయ పొడి మడతల్లో పడకుండా చూడాలి. వేపాకు, పసుపు నూరి పగిలిన చర్మం మీద పట్టిస్తే పిల్లలు మంటకి ఏడుస్తారు, ఎండాక చర్మం ఇంకా బిగుసుకుంటుంది.

తుడిచిన మూడు నిమిషాల్లోపు, ఒళ్లు ఇంకా తడితడిగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. మచ్చ ఉన్నచోటే కాదు, ఒళ్లంతా. రోజుకి కనీసం రెండుసార్లు. బడి వయసు పిల్లలకి వారానికి 150 నుంచి 200 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబు నెల రోజులు వస్తోందంటే సరిపడా రాయడం లేదన్నమాట. సువాసన లేనిది ఎంచుకోండి, ఖరీదైనదే కానక్కర్లేదు. మన ఎండల్లో పెట్రోలియం జెల్లీ జిడ్డుగా ఉండి చెమట పడుతుంది కాబట్టి పగలు క్రీము, రాత్రి జెల్లీ వాడుకోవచ్చు. వర్జిన్ కొబ్బరినూనె కూడా పనికొస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా పిల్లల మీద చేసిన ఒక పరీక్షలో అది మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. ఆలివ్ నూనె మాత్రం చర్మం పైపొరని బలహీనపరుస్తుంది, వద్దు.

స్టెరాయిడ్ గురించి

ఇక్కడ తల్లిదండ్రులు రెండు రకాలు. ఒకరు స్టెరాయిడ్ అనగానే భయపడి డాక్టరు రాసిచ్చిన ట్యూబు బీరువాలో పెట్టేస్తారు. పిల్ల రాత్రంతా గోక్కుని, పొద్దున మొదటి పీరియడ్‌లో కునుకు తీస్తుంది. ఇంకొకరు మెడికల్ షాపుకి వెళ్లి "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడిగి, ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము తెచ్చి నెలల తరబడి రాస్తారు. రెండోది మరీ ప్రమాదం. వాటిలో చాలాసార్లు ఉండేది క్లోబెటసాల్. పూతమందు స్టెరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన తరగతి అది. పిల్లల చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, మానగానే మళ్లీ ఎగదన్నుతుంది. అసలు జబ్బు తామర అయితే పైకి తగ్గినట్టు కనిపించి లోపల్లోపల పాకుతుంది. అందుకే 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి కదా అంటారేమో, ఇస్తే తీసుకోకండి. లేబుల్ లేని డబ్బాలో ఇచ్చే "మూలికా" మలాములతోనూ జాగ్రత్త, వాటిలోనూ స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు.

డాక్టరు చెప్పిన రకం, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే స్టెరాయిడ్ సురక్షితం. కొలతకి మంచి ఉపాయం ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నొక్కితే సుమారు అర గ్రాము వస్తుంది. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో కలిపి, చోటుకి సరిపోతుంది. ముఖానికి, కనురెప్పలకి వేరే మందు రాస్తారు. ఒంటికి ఇచ్చినది అక్కడ వాడకండి.

తిండి

వంకాయ, వేరుశనగ, ఎండుచేప, గుడ్డు అన్నీ మాన్పించేసిన పిల్లలు ఎందరో. పసిపిల్లల్లో, ఎగ్జిమా తీవ్రంగా ఉన్న కొందరికి పాలో గుడ్డో నిజంగా పడకపోవచ్చు. తిన్న కాసేపట్లో దద్దుర్లు, వాంతి వస్తే డాక్టరుకి చెప్పండి. లేనిపోని పత్యంతో పిల్లలు చిక్కిపోవడం తప్ప చర్మం బాగుపడదు. టీకాలు కూడా ఆపకండి.

బడిలో

క్లాస్ టీచరుకి డైరీలో నాలుగు మాటలు రాసివ్వండి: ఇది ఎగ్జిమా, అంటుకోదు, ఫ్యాను కింద సీటు ఇప్పించండి, చిన్న క్రీము డబ్బా సంచిలో ఉంటుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించి పంపండి. "గోక్కోకు" అని పదిసార్లు అంటే దురద పోదు. క్రీము రాసుకోమని, చల్లటి తడిగుడ్డ పెట్టుకోమని చెప్పండి.

పిల్లలూ, మీ క్లాసులో ఎవరి చేతుల మీదైనా ఇలాంటి మచ్చలుంటే అడిగి బాధపెట్టకండి. కబడ్డీలో వాళ్ల చెయ్యి పట్టుకోవడానికి వెనకాడకండి. మీకే ఉంటే దాచుకోవడానికి ఎండలో ఫుల్ చేతుల చొక్కా వేసుకోనక్కర్లేదు.

ఎప్పుడు పరుగెత్తాలి

మచ్చ మీద తేనె రంగు పక్కు కట్టినా, చీము కారినా చర్మానికి ఇన్ఫెక్షన్ తగిలిందని అర్థం. ఒకటి రెండు రోజుల్లో చూపించండి. ఒకే సైజు చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, నొప్పి, జ్వరం ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఎగ్మోర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ జనరల్ ఆసుపత్రి, ఉత్తర చెన్నైవాళ్లకి స్టాన్లీ అందుబాటులో ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేది అవే.