బొంత కుట్టిన చేతులు

హైదరాబాదు నగరమున ఆబిడ్సు పేట నెఱుగనివా రరుదు. ఆ పేరు ఎవరిదో యెఱిగినవారు మాత్రము కొందఱే. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి (1869–1911) కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అను అర్మేనియా జాతీయు డుండెను. ప్రభువు వస్త్రములను కనిపెట్టియుండుట యాతని పని. ఆతడు పెట్టిన అంగడిని బట్టి యా వీధికిని, క్రమముగా పేటకును ఆ పేరు స్థిరపడెను. ఆ ప్రభువు ఒకమారు తొడిగిన దుస్తులు మఱల తొడుగడని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన దుస్తులకై కట్టించిన 176 అడుగుల కొయ్య బీరువాను నేటికిని చూడవచ్చును.

సామాన్య గృహములలో దీనికి కేవలము విరుద్ధమైన విద్య యొకటి కలదు. అది బొంత కుట్టుట. అచ్చట బట్టకు చావు లేదు. చినిగిన నూలు చీరలను, పంచెలను ఉతికి, గట్టి భాగముల నేరి, పొరలుగా పఱచి, అంచులు కుట్టి, పిమ్మట వరుస వరుసగా దారము నడపుదురు. దూదేకులవారు ఏకిన దూది రజాయికి వెచ్చదన మిచ్చును. బొంతలో పొరల నడుమ నిలిచిన గాలియే యా పని చేయును. కుట్లు ఎడమైనచో ఉతుకునపుడు లోపొరలు జాఱి ముద్దకట్టును. కావున వరుసల దగ్గఱతనము అందము మాత్రమే కాదు, బొంతకు ఆయుర్దాయము. పలుమారు లుతికిన బట్ట మెత్తన. కనుకనే పసిబిడ్డ క్రింద పఱచుటకు తల్లులు దానినే కోరుదురు.

ఎఱ్ఱ యంచు ప్రక్కను పసుపు ముక్క వేయవలెనా, నల్లది వేయవలెనా యని యోచించు బుద్ధి చిత్రకారునిది కాక మఱేమి? భర్త పోయిన స్త్రీకి రంగుచీర కూడదన్న కులములు మనలో నుండెను. రంగుబట్ట కట్టరాని యా చేతులకు రంగుముక్కలు కుట్టుట మాత్రము దోష మనిపింపలేదు. లోకము తన కొంటిమీద లేకుండ జేసిన వన్నెలను ఆమె మనుమల పక్కమీద పఱచినది. ఇది పొదుపని మాత్రమే మనము మెచ్చుకొంటిమి. కళ యని యెవరును అనరైరి.

సంస్కృతమున బొంతకు కంథ యని పేరు. వంగదేశపు కాంథా నేడు ప్రదర్శనశాలల కెక్కినది. మన బొంత మాత్ర మేల మూల బడియున్నది? అది అమ్మకమునకై కుట్టబడలేదు. వెల లేనిదానికి విలువయు లేదని మనము భ్రమపడితిమి.

1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో స్థానికములైన సరకులకై నుమాయిష్ ప్రారంభించిరి. 1946లో అది నేటి నాంపల్లి మైదానమునకు మాఱెను. దాని యాదాయముతో విద్యాలయములు వెలసినవి. ఆ యావరణముననే సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము కలదు. చలికాలమున జరుగు ఆ సంతలో కాశ్మీరపు శాలువలను వేలమంది తడవి చూతురు. ఆ చూచువారి తాత మ్మలు కుట్టిన బొంతలకును అచ్చట నొక గోడ యుండవలదా?

ఆదరణ కలిగిన నేమగునో తెలుపుటకు నిదర్శనమును ఈ ప్రాంతముననే కలదు. ఆబిడ్సులో పుస్తకశాల నడపిన బద్రుల్ హసన్‌గారి కుమార్తె సురయ్యా హసన్ బోస్‌గారు (1928–2021) నశించుచున్న హిమ్రూ, మష్రూ నేతలను ఉద్ధరించి, భర్తలను గోల్పోయిన స్త్రీలకు మగ్గము నేర్పించిరి. అందుచేత నేతయు నిలిచెను, నేసినవారికి జీవనమును గలిగెను.

సోదరీమణులారా, మేము కోరునది స్వల్పము. మీ యింటి బొంతను విప్పి, ఏ ముక్క యెవరి చీరదో పెద్దల నడిగి వ్రాసికొనుడు. ఒక మూలను కుట్టినయామె పేరును, సంవత్సరమును సూదితో కుట్టుడు. ప్రభువు బట్టలు కాచినవాని పేరు ఒక పేటకు నిలిచినది. మన బట్టలను చావనీయని తల్లి పేరునకు జానెడు చోటు చాలును.