ముల్లు ఆగాలి

"ఇప్పుడు చెయ్యనమ్మా."

సర్జన్ గొంతు మామూలుగానే ఉంది. ఆమెకి మాత్రం చెవులు గుయ్‌మన్నాయి. 2015 మే ఆఖరు. బయట తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది, వడదెబ్బకి రెండు తెలుగు రాష్ట్రాల్లో మనుషులు పిట్టల్లా రాలిపోతున్నారు, అలాంటి మిట్టమధ్యాహ్నం అంబర్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి, కొంగుతో పొట్ట కప్పుకుంటూ, హ్యాండ్‌బ్యాగులో చిట్టీ పాస్‌బుక్కు పెట్టుకుని వచ్చిందామె. వచ్చింది ఈ మాట వినడానికి కాదు.

మూలనున్న కాటా మీద ముల్లు ఊగి ఊగి 84 దగ్గర ఆగింది. ఎత్తు 158 సెంటీమీటర్లు. డాక్టర్ ఆమెని బల్ల మీద పడుకోబెట్టాడు. "తల కొంచెం పైకెత్తండి." ఎత్తింది. పొట్ట నడిమధ్య నిలువునా గట్టులా ఉబికింది. ఆ గట్టులోకి ఆయన మూడు వేళ్లు దిగాయి. రెండు కాన్పులకి పొట్ట కండరాలు చెరో పక్కకి జరిగిపోయాయి. బొడ్డు కింద వేలాడే చర్మాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు. "ఇది నేను తియ్యగలను." తర్వాత అరచెయ్యి ఆనించి నొక్కాడు. బిర్రుగా ఉంది. చెయ్యి దిగలేదు. "ఇది మాత్రం నేను తియ్యలేను. మీరే తియ్యాలి."

"ఎంత?"

"పదహారు కిలోలు. తీశాక ఆరు నెలలు ఆ ముల్లు అక్కడే ఆగాలి. అప్పుడు రండి."

ఆమె రాకూడదనే అనుకుంది.

పొట్ట సంగతి పొట్ట ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మొదటి కాన్పు ఆపరేషన్. రెండోదీ ఆపరేషనే. చిన్నవాడికి తొమ్మిదేళ్లు వచ్చినా పొట్ట మాత్రం బాలింత పొట్టే. చీర కుచ్చిళ్లు నిలవవు. ఎండాకాలం మడత కింద చెమట చేరి చర్మం ఒరిసి మండుతుంది. అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది ఒక్కటే. సిక్స్ నంబర్ స్టాపులో బస్సెక్కితే ఒక ముసలమ్మ లేచి సీటిచ్చి, "కూసో బిడ్డా, ఎన్నో నెల?" అంది. ఆమె కూర్చుంది. "ఐదో నెల" అని చెప్పింది. ఇంటికొచ్చి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఆ రాత్రే చిట్టీ పాడాలని నిర్ణయించుకుంది.

చిట్టీ పాడింది. లక్షన్నర. అన్నీ వెయ్యి నోట్లు, ఐదు వందల నోట్లు. బియ్యం డబ్బాలో అడుగున దాచింది. మొగుడికి సగమే చెప్పింది.

ఇప్పుడు ఈ డాక్టర్ కుదరదంటున్నాడు. ఒక్క డాక్టరేనా ఊళ్లో? ఇంకో క్లినిక్‌కి ఫోన్ చేసింది. అవతల తేనెలాంటి గొంతు. బరువు అడగలేదు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏమీ అడగలేదు. "వెయిట్ ప్రాబ్లమ్ లేదు మేడమ్, లైపో కూడా కలిపి చేసేస్తాం. అడ్వాన్స్ కట్టండి, జూన్ 8 సోమవారం అడ్మిషన్."

సోమవారానికి ఇంకా రెండు రోజులుంది.

ఇక్కడ ఒక మాట. ఆమె పేరు ఇందులో లేదు, ఉండదు కూడా. సర్జన్ల గదుల ముందు నంబరు కోసం కూర్చునే చాలామందిని కలిపి ఒక్క మనిషిగా పోతపోసి చెబుతున్న కథ ఇది. కానీ ఆ శనివారం రాత్రి ఆమె టీవీలో చూసిన వార్త మాత్రం అక్షరాలా జరిగింది.

జూన్ 6. వాన జాడ లేదు. ఫ్యాను వేడిగాలి కొడుతోంది. అత్తమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. టీవీలో పాట మధ్యలో ఆగింది. కింద ఎర్ర పట్టీ పరుగెత్తింది. సినీ నటి ఆర్తి అగర్వాల్ మృతి.

"అయ్యో, గా పిల్లనా?" అత్తమ్మ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ పిల్లే. న్యూజెర్సీలో పుట్టి, 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'లో నందినిగా వచ్చి, మరుసటి ఏడాదే 'ఇంద్ర'లో చిరంజీవి పక్కన ఆడిన పిల్ల. టీవీ ముందున్న ఆమె, పెళ్లయిన కొత్తలో మొగుడితో కలిసి చూసిన మొదటి సినిమా నందినిదే. ఆ అమ్మాయికి ఇప్పుడు 31 ఏళ్లు. అమెరికాలో, అట్లాంటిక్ సిటీ ఆస్పత్రిలో, గుండె ఆగి పోయింది. యాంకర్ గొంతు తగ్గించింది. కొన్ని వారాల కిందటే కొవ్వు తీసే లైపోసక్షన్ చేయించుకుందనీ, తర్వాత ఊపిరాడక అవస్థ పడిందనీ మేనేజర్ చెప్పిన మాటలు తెర మీదికి వచ్చాయి. పక్కనే సగం తెరలో నందిని నవ్వుతోంది. ఆర్తి లావైందని వెక్కిరించిన రాతలు మన సినిమా పేజీల్లోనే వచ్చాయన్న సంగతి ఆ చానెల్ ఎత్తలేదు.

"గవన్నీ ఎందుకు జేయించుకుంటరో ఏమో" అన్నాడు మొగుడు, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. నోట్ల కట్ట తగిలింది. అదే సమయానికి ఫోన్ మోగింది. అదే తేనె గొంతు. "మేడమ్, సోమవారం కన్‌ఫర్మ్ చెయ్యమంటారా?"

సోమవారం పొద్దున ఆమె కూర్చున్నది మొదటి డాక్టర్ ముందు.

"ఎందుకు చెయ్యరో చెప్పండి సార్. పదహారు కిలోలు మీరే కోసి తీసేయొచ్చు కదా?"

ఆయన నవ్వలేదు. "మీ ఇంట్లో బియ్యం బస్తా చూశారుగా. నోటిదాకా కుక్కి నింపిన బస్తాకి మూతి కుట్టండి చూద్దాం. పడుతుందా? పడదు. పడినా చిటుక్కున తెగుతుంది. మీ కొవ్వు రెండు చోట్ల ఉంది. చర్మం కింద ఉన్నదాని సంగతి నేను చూసుకుంటాను. పేగుల చుట్టూ ఉన్నది నా కత్తికి అందదు. అది ఉండగా పక్కకి జరిగిన కండరాల్ని లాగి కుట్టానే అనుకోండి, లోపలిది ఎక్కడికి పోవాలి? పైకి తోస్తుంది. ఊపిరితిత్తులకి చోటు చాలదు. కిందికి తోస్తుంది. కాళ్ల నుంచి రక్తం పైకి ఎక్కలేదు. గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే..." వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఆమెకి శనివారం రాత్రి నందిని నవ్వు గుర్తొచ్చింది.

ఈ పొట్ట కోత ఆపరేషన్ కొత్తదేం కాదు. 1899లోనే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హోవర్డ్ కెల్లీ అనే డాక్టర్ ఒక స్త్రీ పొట్ట మీంచి ఏడు కిలోలకి పైగా కొవ్వూ చర్మమూ కోసి తీశాడు. పొట్ట కోత, లైపోసక్షన్ ఒకటే అనుకుంటారు జనం. కాదు. లైపో గొట్టంతో కొవ్వు లాగుతుంది. పొట్ట కోతలో చర్మం తీసి, కండరం బిగిస్తారు. బరువు తగ్గించే వైద్యం మాత్రం రెండూ కావు. ఎత్తుకి తగ్గ బరువు కొలిచే బీఎంఐ 30 లోపు ఉంటేనే ఎక్కువమంది సర్జన్లు ఈ కోతకి ఒప్పుకుంటారు. మనవాళ్లకి 25 దాటితే చాలు, స్థూలకాయం కింద లెక్క. ఆమెది 33 దాటింది. 68 కిలోలకి దిగితే 27.

"తగ్గాక ఆరు నెలలు ఎందుకు సార్?"

"ముందు కోసి తర్వాత తగ్గితే చర్మం మళ్లీ జారుతుంది. కోసి తర్వాత పెరిగితే నా కుట్టు సాగుతుంది. ముల్లు ఒకచోట నిలబడితేనే నాకు కొలత దొరుకుతుంది."

ఆమె అడ్వాన్స్ కట్టలేదు. దారిలో ఒక కాటా కొనుక్కుని ఇంటికెళ్లింది.

తెల్లారి ఐదున్నరకి గ్రౌండు. చీర మీదే నడక, కాలికి కాన్వాస్ బూట్లు. చూసి పిల్లలు నవ్వారు. రాత్రి అన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. చాయ్‌లో చక్కెర పోయింది. ఆగస్టులో బోనాలు వచ్చాయి. మహంకాళి గుడి దారంతా డప్పులు, వేపాకు వాసన, పోతరాజు కొరడా చప్పుడు. ఇంట్లో తలకాయ కూర తుకతుక ఉడుకుతోంది. "పండుగనాడు ముద్ద ముట్టకుంటే అమ్మవారు ఏమనుకుంటది బిడ్డా?" అంది అత్తమ్మ. అమ్మవారి పేరు చెప్పాక ఇంకేముంది. తింది. బాగా తింది. మర్నాడు ముల్లు కిలో పైకి పోయింది.

దసరాకి 79. సంక్రాంతికి 76. ఆ తర్వాత ముల్లు మొండికేసింది. నెల రోజులు కదల్లేదు. ఆమెకి పిచ్చెక్కింది. పొద్దున జావ, రాత్రి మజ్జిగ, మధ్యలో మంచినీళ్లు. ఐదు వారాల్లో 71కి పడిపోయింది. దువ్వెనకి వెంట్రుకలు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఒక పొద్దున గ్రౌండులో మూడో చుట్టు తిరుగుతుండగా కళ్ల ముందు చెట్లు నల్లబడ్డాయి.

కళ్లు తెరిచేసరికి నోట్లో ఎవరో చక్కెర పోశారు. తొమ్మిది నెలల తర్వాత చక్కెర.

డాక్టర్ రక్తపరీక్ష కాగితం చూసి మొదటిసారి గొంతు పెంచాడు. హిమోగ్లోబిన్ 8.9. ప్రొటీన్ తక్కువ. "మీరు తగ్గింది కొవ్వు కాదమ్మా, కండ. ఈ ఒంటితో వస్తే గాయం మానదు, కుట్లు విచ్చుకుంటాయి. 84 కిలోల మనిషి ఎంత ప్రమాదమో, తిండి మానేసిన 71 కిలోల మనిషీ అంతే. గుడ్లు తినండి. పప్పు తినండి. పెరగండి."

పెరగమన్నాడు! మొగుడికి కోపమొచ్చింది. "తగ్గుమంటడు, పెరుగుమంటడు. ఏం డాక్టరే ఆయన?" కానీ ఆ రాత్రి నుంచి రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టింది అతనే. 73కి పెరిగింది. మళ్లీ దిగింది, ఈసారి నెమ్మదిగా. 2016 మేలో ఒక పొద్దున ముల్లు 68 మీద ఆగింది. జూన్‌లో అక్కడే. వినాయక చవితి ఉండ్రాళ్లు దాటాయి. బతుకమ్మ మలీదలు దాటాయి. అక్కడే.

తేదీ ఇచ్చారు. నవంబర్ 10, గురువారం. సంచి సర్దుకుంది. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి అత్తమ్మ టీవీ పెట్టింది. ప్రధాని మాట్లాడుతున్నాడు. అర్ధరాత్రి నుంచి వెయ్యి, ఐదు వందల నోట్లు చెల్లవు.

బియ్యం డబ్బాలో లక్షన్నర.

పాత నోట్లు ప్రభుత్వాస్పత్రుల్లో చెల్లుతాయన్నారు. ప్రైవేటులో చెల్లవు. బ్యాంకు ముందు క్యూ వీధి మలుపు దాటింది. ఆమె చెప్పులు వరసలో పెట్టి గోడ నీడన నిలబడింది. దాచిన సగం సంగతి మొగుడికి ఆ క్యూలోనే తెలిసింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆపరేషన్ సంక్రాంతి అవతలికి జరిగింది. మధ్యలో సకినాలు, అరిసెలు.

2017 జనవరి ఆఖరు. చలి. ఆస్పత్రి కాటా మీదికి ఎక్కబోతూ ఆమె చెవి దిద్దులు కూడా తీసింది. నర్సు నవ్వింది. 67.6.

నిలబెట్టి పొట్ట మీద పెన్నుతో గీతలు గీశాడు డాక్టర్. మత్తు ఎక్కింది. ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా కోత. చర్మం పైకి లేపి, రెండు పక్కలా జరిగిన కండరాల్ని దగ్గరికి లాగి, పై నుంచి కిందికి కుట్టు వేసుకుంటూ వస్తున్నాడు. కండరాలు కలిశాయి. ఆయన మత్తు డాక్టర్ వైపు చూశాడు. మత్తు డాక్టర్ మానిటర్ వైపు చూశాడు. గదిలో అందరూ చూస్తున్నది ఒక్కటే, ఊపిరితిత్తుల్లోకి గాలి తోయడానికి యంత్రానికి ఎంత ఒత్తిడి కావాల్సి వస్తోందని.

అంకె పెరగలేదు.

బొడ్డుకి కొత్త చోట చిల్లు పెట్టారు. మిగిలిన చర్మం కోసి ట్రేలో వేశారు. రెండు పక్కలా నెత్తురునీరు పోయే గొట్టాలు పెట్టి కోత మూసేశారు. మూడు గంటల పది నిమిషాలు. అదే సాయంత్రం ఆమెని లేపి నాలుగడుగులు వేయించారు, కాళ్లలో రక్తం నిలవకుండా. నడుము వంచి, ముసలమ్మలా.

"ఎన్ని కిలోలు తీసిన్రు సార్?" అడిగింది, తడారిన నోటితో.

డాక్టర్ కేస్ షీట్ తిప్పి చూపించాడు. తీసిన చర్మం, కొవ్వు: 1,340 గ్రాములు.