దండారిలో పద్మశ్రీ ఎవరిది?

2021 జనవరి 25 రాత్రి పద్మ పురస్కారాల జాబితాలో మార్లవాయి గుస్సాడి కనకరాజు పేరు కనబడింది. ఆ సంబురం ఇంకా చల్లారకముందే ఉట్నూరు చాయ్ హోటల్లో పంచాయితీ మొదలైంది. "దండారి అంటే ఊరంతా ఆడేది. ఒక్కరికెట్ల ఇస్తరు సార్?" అని నన్నే నిలదీశారు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి జవాబు నా దగ్గర ఉంటుందనుకున్నారు.

వాళ్ల ప్రశ్నలో న్యాయముంది. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ వర్ధంతి ముగిశాక రాజ్‌గోండు, కొలాం గూడేల్లో దండారి కదులుతుంది. భోగి పెట్టి ఏత్మాసూర్ దేవుణ్ని కొలిచి, నెమలి పింఛాల టోపీలు బయటికి తీస్తారు. గుస్సాడి వేషం కట్టినవాడు ఒంటికి బూడిద పూసుకుని, భుజాన తోలు వేసుకుని, దీపావళి ముగిసేదాకా స్నానం చేయడు, మంచమెక్కడు. పండుగ ముగిసే కొలబోడి నాడు ఇప్పచెట్టు కిందే ఆ వేషం విప్పాలి. అతని పక్కన ఆడవేషం కట్టిన పోరిక్‌లు, వెనక డప్పు, తుడుం, డోలు, అన్నిటికీ పైన ఊదే వాద్యం పెప్రె. అవతలి ఊరివాళ్లు దండారిని చుట్టాలుగా పిలిచి, వచ్చినంతమందికీ అన్నం పెడతారు. ఆ వంటచేసే ఆడవాళ్లను తీసేస్తే పండుగే లేదు.

మరి మార్లవాయికే ఎందుకు? దీనికి ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. 1940లో నిజాంపై తిరగబడిన భీమ్‌ను చంపాక, గోండుల గోస ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో కాపురం పెట్టారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. అప్పటినుంచీ ఢిల్లీ, హైదరాబాద్ అధికారులకు ఆదివాసీ ఊరంటే ముందు గుర్తొచ్చేది మార్లవాయే. కాబట్టి "ఆ ఊరికి దారి ముందే పడి ఉంది" అన్నవాళ్ల మాట నేను కొట్టిపారేయను.

అయినా నా ఓటు కనకరాజుకే. 1980ల ఆరంభంలో ఇందిరాగాంధీ ముందు ఢిల్లీలో గుస్సాడి ఆడినందుకు కాదు. ఆయన మార్లవాయి ఆశ్రమ పాఠశాలలో రోజుకూలీ వంటమనిషిగా పనిచేశాడు. అక్కడి పిల్లలు ఏడాదిలో ఎక్కువ భాగం హాస్టల్లోనే పెరుగుతారు, గూడెంలో తాతల వెంట నడిచి నేర్చుకునే అవకాశం వాళ్లకు తక్కువ. అడుగు ఎక్కడ పడాలి, నడుము ఎంత వంగాలి, డప్పు మారగానే ఎటు తిరగాలి అన్నది వాళ్లకు ఆయన నేర్పాడు. బడి గోండు పిల్లలకు అక్షరం ఇచ్చింది, ఆటను మాత్రం దూరం చేసింది. ఆ దూరాన్ని తగ్గించినవాడు వంటమనిషి. ఉద్యోగం చేసిన మా వల్ల కాలేదు ఆ పని.

ఇలాంటి తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికా బేస్‌బాల్‌లో 1941లో టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు .406కి చేరింది, జో డిమాజియో వరసగా 56 ఆటల్లో హిట్ కొట్టాడు. విలేకరులు ఓటేసి, గెలిచిన జట్టులోని డిమాజియోకు అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం ఇచ్చారు. అక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. కానీ అక్కడ ప్రతి దెబ్బకూ లెక్క ఉంది. పెప్రె ఊదేవాడి ఊపిరికి ఎవరు లెక్క రాశారు?

నా బాధ అక్కడే. గోండుల వంశకథలు గుండెలో మోసేది ప్రధాన్లు, తోటీలు. పెప్రె, కిక్రి వాళ్ల చేతుల్లోవే. కిక్రి తీగ మీద కమాను నడుపుతూ తాతముత్తాతల కథ ఎత్తుకుంటే ముసలి గోండులు కళ్లు మూసుకుని వింటారు. ఆ కథ తెలిసినవాళ్లు ఊరికొకరు కూడా మిగలడం లేదు. వాళ్లు వాయించడం ఆపితే గుస్సాడి అడుగు వేయలేడు.

కనకరాజు 2024 అక్టోబరులో వెళ్లిపోయాడు, ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. పద్మకు ఇప్పుడు ఎవరైనా ఎవరి పేరైనా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ (యు)లో డిగ్రీలు చదివిన గోండు, ప్రధాన్, తోటి పిల్లలను నేను కోరేది ఒక్కటే. వచ్చే దీపావళికి దండారి మీ ఊరు వచ్చినప్పుడు ముందు నెమలి టోపీని కాదు, పెప్రె పట్టుకున్న మనిషిని ఫోటో తీయండి. ఆయన ఏ కథలు చెప్పగలడో కూర్చోబెట్టి రాసుకోండి, బతికుండగానే ఆయన పేరు పంపండి.