ఉద్దానం కిడ్నీ వ్యాధి: వైద్య డేటాబేస్‌లలో అన్వేషణ

శ్రీకాకుళం జిల్లా తీరాన ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పరుచుకున్న కొబ్బరి, జీడితోటల సీమ ఉద్దానం. షుగరు, బీపీ లేనివారికీ కిడ్నీలు పాడయ్యే జబ్బు ఇక్కడ దశాబ్దాలుగా ఉంది. అసలు కారణం ఇంకా తేలలేదు. దీనిపై పరిశోధనలు రకరకాల అంతర్జాతీయ పత్రికల్లో చెదిరి ఉన్నాయి. వాటిని ఒకచోటికి తెచ్చుకోవడానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు వైద్య డేటాబేస్‌లను వాడతాయి.

మొదట తెరవాల్సింది పబ్‌మెడ్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఈ డేటాబేస్ 1997 నుంచి అందరికీ ఉచితం. ఇందులో ఉండేవి ప్రధానంగా వ్యాసాల వివరాలు, సారాంశాలు. పూర్తి పాఠాలు ఉచితంగా దొరికేది పబ్‌మెడ్ సెంట్రల్‌లో. స్కోపస్, ఎంబేస్ వంటివాటికి గ్రంథాలయం చందా కట్టాలి.

ఉద్దానం విషయంలో చిక్కంతా పేర్లతోనే. ఈ ప్రాంతం పేరును ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఇలాంటి జబ్బునే శ్రీలంకలో సీకేడీయూ (కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి) అని, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో మెసోఅమెరికన్ నెఫ్రోపతీ అని అంటారు. అందుకే జబ్బు పేర్లన్నిటినీ ‘ఆర్’తో కలిపి ఒక బ్రాకెట్‌లో, ప్రాంతాల పేర్లను మరో బ్రాకెట్‌లో పెట్టి, రెంటినీ ‘ఆండ్’తో ముడివేయాలి. పబ్‌మెడ్‌లో వ్యాసాలకు తగిలించే ‘మెష్’ అనే విషయ శీర్షికలను కూడా వాడుకోవాలి. అయితే అన్ని వ్యాసాలకూ అవి ఉండవు కాబట్టి మామూలు మాటలతోనూ వెతకాలి. తాగునీటి పాత్రపై 2013లో వచ్చిన ఒక ముఖ్య అధ్యయనం శీర్షికలో ‘ఆంధ్రప్రదేశ్‌లోని రెండు కోస్తా జిల్లాలు’ అనే ఉంది, ఉద్దానం పేరు లేదు. పైగా అది అచ్చయింది పర్యావరణ భూరసాయన పత్రికలో. కిడ్నీ పత్రికలను మాత్రమే తిరగేసేవారికి అది కనబడదు.

దొరికిన వ్యాసాన్ని నిదానంగా చదవాలి. ముఖ్యంగా ఎంత శాతం మందికి జబ్బుందన్న అంకె దగ్గర ఆగాలి. కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా తగ్గి, లేదా మూత్రంలో ప్రొటీన్ పోవడం వంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు కనబడుతూ, ఆ స్థితి మూడు నెలలకు పైగా కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. వడపోత సామర్థ్యాన్ని అంచనా వేసే క్రియాటినిన్ పరీక్షను ఒక్కసారి చేసి వేసిన లెక్కనూ, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి వేసిన లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. ఏ ఊళ్లు, ఏ వయసువారు అన్నది కూడా పద్ధతుల విభాగంలోనే తెలుస్తుంది, సారాంశంలో అంతా ఉండదు.

2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. తొలి దశలో ప్రైవేటు కళాశాలలకు చోటు లేదు. జబ్బున్న పల్లెల పక్కనే, టెక్కలిలోనో పలాసలోనో ప్రైవేటు కళాశాలలో చదివే విద్యార్థికి ఇది పెద్ద లోటే. అయినా 2019, 2020లలో ఉద్దానంపై వచ్చిన రెండు ప్రధాన అధ్యయనాలు కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే ఉచిత పత్రికలో ఉన్నాయి. చందా లేకున్నా వాటితో మొదలుపెట్టి, వాటి చివర ఇచ్చిన ఆధారాల పట్టీ వెంట వెనక్కి వెళ్లవచ్చు.