నెత్తుటి ఋణం



మా దువ్వాడ ప్రాంతంలో నెత్తురు అనగానే పెద్దలకు 1966 నాటి ఉక్కు ఉద్యమం, అందులో అసువులు బాసిన 32 మంది జ్ఞప్తికి వస్తారు. నేడు నేను ముచ్చటించబోయేది గాయపడినవాని ఒంటినుండి కారిపోయే నెత్తురును గూర్చి.

1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టయినర్ రక్తవర్గాలను వెల్లడించేవరకు ఒకరి నెత్తురు మరొకరికి ఎక్కించడం జూదమే. సిట్రేటు కలిపితే గడ్డకట్టని నెత్తురును మనిషికి ఎక్కించవచ్చునని 1914లో తేలింది. 1917లో ఫ్రాన్సు యుద్ధభూమిలో అమెరికా వైద్యుడు ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ముందే సేకరించిన నెత్తురును చల్లగా భద్రపరచి క్షతగాత్రులకు ఎక్కించాడు. నేటి రక్తనిధులకు అది నాంది.

మన దేశంలో చాలాకాలం నెత్తురు అంగడి సరుకు, పేదవాడు అమ్ముకొనేవాడు. 1996 జనవరి 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి ఆ విక్రయం నిషిద్ధమైంది. ఇక ఎవరో ఒకరు ఇయ్యవలసిందే.

స్రావాన్ని ఆపడమూ అంతే ముఖ్యం. 40 దేశాలలో 20,211 మంది క్షతగాత్రులపై జరిగి, 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధన ట్రానెగ్జామిక్ ఆమ్లమనే చవక మందు మరణాలను తగ్గిస్తుందని చూపింది. అయితే గాయమైన 3 గంటలలోపే ఇయ్యాలి. ఆలస్యమైతే కీడు కలుగవచ్చు.

నా పూర్వవిద్యార్థి ఒకడు రహదారి ప్రమాదంలో చిక్కుకొన్నప్పుడు, నీరసిస్తామని బంధువులు వెనుదీశారు. ముక్కూమొగమూ తెలియని ఉక్కు కార్మికుడొకడు చొక్కాచేయి మడిచాడు. పిల్లవాడు బ్రతికాడు. ఆ దాత పేరైనా అడగలేదు మేము. వయసు మీరిన నేను ఇయ్యలేను; మీరు ఇయ్యగలరు.